తాళము బలమైనదే, చెవి యెవరి చేతిలో?

హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారిపై సుమారు 150 కిలోమీటర్ల దూరమున పెబ్బేరు ఉన్నది. పశువుల సంతకు పేరుపడిన ఊరు. 2016 అక్టోబరు వరకు మహబూబునగరు జిల్లాలోనిది. నాటి నుండి వనపర్తి జిల్లాలోనిది. పాలమూరు అనగానే కరవును, వలసకూలీలను తలచుకొనుట లోకమునకు అలవాటు. అట్టి సీమలోని ఈ ఊరికి 2017లో మత్స్యశాస్త్ర కళాశాల వచ్చినది. చెరువులకును, కృష్ణానదికిని దగ్గరైన చోట చేపల పెంపకమును శాస్త్రముగా నేర్పు కళాశాల వెలయుట తగిన పనియే.

ఈ కళాశాల పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన కార్యాలయము హైదరాబాదులోని రాజేంద్రనగరులో ఉన్నది. ఇరుగుపొరుగున వనపర్తి, గద్వాల, కొల్లాపురములలో పాలమూరు విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రములున్నవి. వానిని నడుపు విశ్వవిద్యాలయము మహబూబునగరులో ఉన్నది. అనగా ఈ ప్రాంతపు ఉన్నత విద్యలో పాఠము ఒకచోట, పాలన మరొకచోట. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు, కులధ్రువపత్రములు, ఆదాయపత్రములు, ఉపకారవేతనమునకు కావలసిన బ్యాంకు ఖాతా సంఖ్యలు, పరిశోధనలో సేకరించిన లెక్కలు, సిద్ధాంతవ్యాసముల చిత్తుప్రతులు ఇవి యన్నియు నిత్యము ప్రయాణము చేయవలసినవే. పూర్వము తపాలా సంచిలోనో, నమ్మకమైన బంట్రోతు చేతిలోనో పోయెడివి. నేడు కంప్యూటరు ఫైళ్లుగా పోవుచున్నవి.

ఎట్లు పోవుచున్నవి? అనేక విద్యాలయములలో చేతికందినదే వాహనము. ఫోనులోని వాట్సాప్ గ్రూపు, ఉద్యోగి సొంత ఈమెయిలు, జేబులోని పెన్‌డ్రైవు, బజారులోని జిరాక్సు దుకాణపు కంప్యూటరు. పని జరిగిపోవును, ప్రతి మాత్రము మిగిలిపోవును. ఒక విద్యార్థిని ఆధారు కార్డు, తండ్రి ఆదాయము, బ్యాంకు ఖాతా ఎన్ని ఫోనులలో ఎన్ని ప్రతులుగా నిలిచియున్నవో చెప్పగలవారు లేరు. ఈ స్థితికి విరుగుడుగా ఫైళ్లను గుప్తీకరించి దాచుట, గుప్తీకరించియే పంచుకొనుట అను పద్ధతి ప్రపంచములోని విశ్వవిద్యాలయములలో వ్యాపించుచున్నది. అయితే ఇది యంత్రనిపుణులకు వదలివేయదగిన విషయము కాదు. తాళమును నిపుణులు చేయగలరు. తాళపుచెవి ఎవరి చేతిలో నుండవలెనో నిర్ణయింపవలసినది విద్యాలయము.

మూడు లీకులు, మూడు పాఠములు

రహస్యము బయటపడినచో నష్టపడువారెవరో తెలిసికొనుటకు తెలంగాణలో దూరము పోనక్కరలేదు.

2016 జూలై 9న వైద్యవిద్యా ప్రవేశమునకు ఎంసెట్-2 జరిగినది. ప్రశ్నపత్రము ముందే వెల్లడియైనదని తేలుటతో ఆగస్టులో దానిని రద్దుచేసి, సెప్టెంబరు 11న మరల పరీక్ష పెట్టిరి. ఢిల్లీలోని ముద్రణాలయము నుండియే పత్రము బయటికి వచ్చినదని పరిశోధకులు తెలిపిరి.

2022 అక్టోబరు 16న 503 గ్రూపు-1 ఉద్యోగములకు ప్రాథమిక పరీక్ష జరిగినది. సుమారు 2 లక్షల 85 వేలమంది వ్రాసిరి. పబ్లిక్ సర్వీసు కమిషనులోని రహస్య విభాగపు కంప్యూటరులోనికి లోపలి ఉద్యోగులే ప్రవేశించి, ప్రశ్నపత్రముల ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనిరన్న ఆరోపణ 2023 మార్చిలో బయటపడినది. మార్చి 17న ఆ పరీక్ష రద్దయినది. దానితోపాటు మరికొన్ని పరీక్షలును రద్దయినవి. 2023 జూన్ 11న మరల జరిపిన పరీక్ష వేరు కారణములచేత హైకోర్టు తీర్పుతో రద్దయినది. 2024 జూన్ 9న మూడవసారి జరిగినది. ఒకే మెట్టును ముమ్మారు ఎక్కవలసివచ్చిన అభ్యర్థులలో కూలిపనికి పోయిన తల్లిదండ్రులు పంపిన సొమ్ముతో నగరములో గది అద్దెకు తీసికొని చదివినవారెందరో!

2023 ఏప్రిల్ 3న పదవతరగతి తెలుగు పరీక్ష ఆరంభమైన కొద్దిసేపటికే తాండూరు నుండి ప్రశ్నపత్రపు ఛాయాచిత్రము వాట్సాపులో వెలువడినది. మరునాడు హనుమకొండ జిల్లా కమలాపురము నుండి హిందీ పత్రము అట్లే వెలువడినది.

ఈ మూడును ఒకే జబ్బు కాదు. మొదటిది ముద్రణాలయములో, కాగితముపై జరిగినది. రెండవది కార్యాలయపు కంప్యూటరులో, లోపలివారిచేత జరిగినదని ఆరోపణ. మూడవది పరీక్షాకేంద్రములో, ఫోనుచేత జరిగినది. గుప్తీకరణము ఒక్కదానితో ఈ మూడును తీరునని చెప్పువాడు తాళములు అమ్ముకొనువాడే కావలెను. పరీక్షగదిలో ఫోనును ఆపునది పర్యవేక్షకుని కన్ను మాత్రమే. ముద్రణాలయపు దారిని తగ్గించుటకు వేరొక మార్గము కలదు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ప్రశ్నపత్రములను పరీక్షకు కొంచెము ముందుగా కంప్యూటరు ద్వారా కళాశాలలకు పంపి, అచ్చటనే అచ్చువేయించు పద్ధతిని చేపట్టినది. దారి దొంగల భయము దీనితో తగ్గును. కాని పత్రము తెరచిన క్షణము నుండి విద్యార్థుల చేతికందు క్షణము వరకు ఆ కొద్ది నిమిషములు కళాశాల సిబ్బంది నిజాయితీపై ఆధారపడినవే. రెండవ తరహా నేరమునకే గుప్తీకరణము నేరుగా మందు. అదియు చెవి సరియైనచోట ఉన్నప్పుడే.

హుండీయు, కండువాయు

గుప్తలేఖనము భారతీయులకు క్రొత్త విద్య కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పము ఒకటి. అక్షరములను తారుమారు చేసి, తెలిసినవారికి మాత్రమే అర్థమగునట్లు వ్రాయు నేర్పు అది. పశువుల సంతలలో దళారులు కండువా క్రింద వేళ్లు పట్టి బేరమాడు వాడుకయు ఈ జాతిలోనిదే. పదిమంది చుట్టును నిలిచియుందురు. బేరము జరుగుచున్నదని అందరికిని తెలియును. ధర మాత్రము ఇద్దరికే తెలియును.

నేటి గుప్తీకరణము ఆ పనినే గణితముతో చేయుచున్నది. ఫైలులోని సమాచారమును ఒక పెద్ద సంఖ్య సాయముతో కలగాపులగము చేయుదురు. ఆ సంఖ్యయే తాళపుచెవి. అది లేనివానికి ఫైలు అర్థములేని గుర్తుల కుప్ప. బెల్జియము దేశీయులు యోవాన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన పద్ధతిని 2001లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించినది. నేడు లోకమంతటను అదియే ఎక్కువగా వాడుకలో ఉన్నది. దానిలో పెద్ద తరగతి చెవులను లెక్కించిన వచ్చు సంఖ్యకు 78 అంకెలుండును. వానిని ఒక్కొక్కటిగా త్రిప్పి చూచి తాళము తెరచుట ఎన్ని కంప్యూటరులకైనను సాధ్యము కాదు.

ఆ పద్ధతి రహస్యము కాదు. పుస్తకములలో ఉన్నది, ఎవరైనను చదువవచ్చును. రక్షణ యంతయు చెవిలో నుండవలెనే గాని తాళపు నిర్మాణమును దాచుటలో నుండరాదని 1883లోనే ఆగుస్టు కెర్కాఫ్స్ ప్రతిపాదించెను. ఆయన పారిసులో జర్మను భాష బోధించిన ఉపాధ్యాయుడు. మా తాళము ఎట్టిదో చెప్పము, నమ్ముడు అను వ్యాపారిని నమ్మరాదనుటకు ఆ సూత్రమే ఆధారము.

అయితే పెబ్బేరులోని అధ్యాపకుడును, రాజేంద్రనగరులోని అధికారియు ఒకే చెవిని ఎట్లు పంచుకొనవలెను? దానిని పంపుటలోనే దొంగ పట్టుకొనవచ్చును గదా! ఈ చిక్కును 1976లో డిఫీ, హెల్‌మన్ అను ఇద్దరును, 1977లో రివెస్టు, షమీరు, ఏడిల్‌మన్ అను ముగ్గురును విడదీసిరి. వారి ఉపాయమును గుడిలోని హుండీతో పోల్చవచ్చును. హుండీలో ఎవరైనను కానుక వేయవచ్చును. చెవి ఉన్నవారే తీయగలరు. ప్రశ్నపత్రము కూర్చువాడు తన పత్రమును పరీక్షల విభాగపు హుండీలో వేయును. వేసిన పిమ్మట మార్గములో ఎవరును చదువలేరు.

కండువా పోలికలో మరియొక హెచ్చరికయు ఉన్నది. ధర దాగినను, ఎవరు ఎవరితో బేరమాడిరో దాగదు. గుప్తీకరించిన ఫైలు ఎవరు ఎవరికి, ఎన్నిగంటలకు పంపిరో ఆ జాడ నిలిచియే యుండును. దొంగతనమును కనిపెట్టుటకు ఆ జాడ ఉపకరించును; అదియే అధ్యాపకులపై అనవసరమైన నిఘాకును ఉపకరించును. దేనికి వాడవలెనో ముందుగనే నియమము ఏర్పరచుకొనవలెను.

గిడ్డంగి ఎవరిది?

గుప్తీకరించితిమి అను మాటకు మూడు అర్థములున్నవి. మార్గములో మాత్రమే గుప్తముగా పంపుట ఒకటి. గిడ్డంగిలో దాచినప్పుడును గుప్తముగా నుంచుట రెండవది. ఇందు చెవి సాధారణముగా గిడ్డంగి యజమాని చేతిలోనే ఉండును. పంపువాని కంప్యూటరులో మూసిన ఫైలు పొందువాని కంప్యూటరులోనే తెరచుకొనుట, నడుమ గిడ్డంగివాడును చదువలేకపోవుట మూడవది. వ్యాపార సంస్థల ప్రకటనలలో ఈ మూడును ఒకే మాటతో చెల్లుచున్నవి. కొనువారు విడదీసి అడుగవలెను.

మూడవ తరగతి తాళములును దోషరహితములని తలపరాదు. 2024లో జ్యూరిచ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధకులు అట్టి సేవలు ఐదింటిని పరీక్షించి, పలు లోపములను బయటపెట్టిరి. లోపము చెవిలోని గణితములో లేదు. చెవులను పంచుటలో, సరిచూచుటలో ఉన్నది.

గిడ్డంగిని ఉచితముగా ఇచ్చువానిపై ఆధారపడుట మరియొక చిక్కు. గూగుల్ సంస్థ విద్యాసంస్థలకు హద్దులేని నిలువచోటు ఇచ్చెడిది. ఆ సదుపాయమును నిలిపివేయుదునని 2021లో ప్రకటించి, ఒక్కొక్క సంస్థకు మొత్తముమీద 100 టెరాబైట్ల మూలహద్దు పెట్టినది. అది నేరము కాదు. ఇచ్చినవాడు షరతులు మార్చుకొనును. ఆ చోటునే నమ్ముకొని సొంత ఏర్పాటు చేసికొనని విశ్వవిద్యాలయములు ఇరుకున పడినవి. జర్మనీలోని నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రములో పలు విశ్వవిద్యాలయములు కూడి, మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయము ముందునడువగా, 2015లో సియెబో అను ఉమ్మడి గిడ్డంగిని నెలకొల్పుకొనినవి. ఒక్కొక్క చిన్న విద్యాలయము తనంత తాను మోయలేని భారమును పదిమంది పంచుకొనుట సహకార సూత్రమే. తెలంగాణలోని విశ్వవిద్యాలయములు ఒక్కొక్కటిగా విదేశీ వ్యాపారుల గుమ్మమున నిలుచుటకంటె అట్టి ఉమ్మడి ఏర్పాటును ఆలోచించుట మేలు.

చెవి పోయినచో?

బలమైన తాళమునకు ఒక క్రూరమైన గుణమున్నది. దొంగకును యజమానికిని అది భేదము చూపదు. చెవి పోయినచో యజమానియే దొంగతో సమానుడు. పెట్టెను పగులగొట్టుటకు కమ్మరిని పిలుచు అవకాశము ఇందు లేదు. మార్కుల ఫైళ్లు మూసిన గుమాస్తా సంకేతపదమును ఎవరికిని చెప్పక పదవీవిరమణ చేసినచో, పదేండ్ల తరువాత పట్టా నకలు కోరి వచ్చిన విద్యార్థికి విశ్వవిద్యాలయము ఏమని చెప్పగలదు?

నెదర్లాండ్సులోని మాస్ట్రిక్టు విశ్వవిద్యాలయమునకు తాళమే శత్రువైనది. 2019 అక్టోబరులో ఎవరో ఉద్యోగి మోసపు ఈమెయిలులోని లంకెను తెరచుటతో దొంగలు లోన ప్రవేశించిరి. రెండు నెలలు పొంచియుండి, క్రిస్టమసు సెలవుల ముందు డిసెంబరు 23న 267 సర్వరులలోని ఫైళ్లను తామే గుప్తీకరించిరి. నకళ్లలో కొన్ని అదే జాలమునకు కలిసియుండుటచే అవియు మూతపడినవి. చెవికై విశ్వవిద్యాలయము 30 బిట్‌కాయినులు, నాటి విలువలో దాదాపు రెండు లక్షల యూరోలు, చెల్లించినది. మన దేశములో 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ ఇట్టి దాడికే గురియైనది. కొన్నినాళ్లు రోగుల నమోదును చేతివ్రాతతో నడుపవలసివచ్చినది.

దొంగ లేకుండగనే నష్టము జరుగుటయు కలదు. జపానులోని క్యోటో విశ్వవిద్యాలయములో 2021 డిసెంబరులో నకళ్లు తీయు వ్యవస్థలోని పొరపాటు వలన సుమారు 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లు తుడిచిపెట్టుకొని పోయినవి. 14 పరిశోధక బృందములు నష్టపడినవి; అందు కొందరి ఫైళ్లు మరల చేజిక్కలేదు. కావున దాచుట వేరు, నిలుపుకొనుట వేరు. జాలముతో సంబంధము లేని చోట ఒక నకలుండవలెను. దానిని అప్పుడప్పుడు తెరచి చూచుచుండవలెను.

చెవి విషయములో పూర్వుల పాలనానుభవము నేటికిని పనికివచ్చును. ప్రభుత్వ ఖజానాలో డబుల్ లాక్ అను ఏర్పాటున్నది. గది తెరచుటకు ఇద్దరు అధికారుల చెవులు కావలెను, ఒక్కనివల్ల తెరచుకొనదు. ఇదే సూత్రమును ఆడి షమీరు 1979లో గణితముగా మలచెను. ఒక చెవిని ఐదు ముక్కలుగా చేసి ఐదుగురికి ఇచ్చి, వారిలో ఏ ముగ్గురు కూడినను తెరచునట్లు ఏర్పరుపవచ్చును. ఒకడు మోసము చేసినను తాళము తెరచుకొనదు; ఒకడు మరణించినను తాళము శాశ్వతముగా మూతపడదు. రహస్య విభాగపు ఫైళ్లకు ఒక్కరి సంకేతపదము చాలునట్లున్నచో, ఆ ఒక్క పదము చేతికి చిక్కినవాడే ఆ విభాగమునకు యజమాని యగును. లక్షలమంది భవిష్యత్తును ఒక్క పదమునకు అప్పగింపరాదు.

రహస్యము ఎవరికి, హక్కు ఎవరికి?

వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యములో తీర్పు చెప్పినది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో ప్రకటించిన నియమావళి రక్షణోపాయములలో గుప్తీకరణమును పేరుపెట్టి చెప్పినది. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చినది. తగిన రక్షణ చూపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. విద్యార్థి ఆధారు ప్రతిని వాట్సాపులో త్రిప్పుట ఇక అలవాటు కాదు, అపరాధము కాగలదు.

అయితే తాళమును చూపి జవాబుదారీతనమును తప్పించుకొను బుద్ధి కార్యాలయములకు పుట్టరాదు. తన జవాబుపత్రమును చూచుకొను హక్కు పరీక్షార్థికి సమాచారహక్కు చట్టము క్రింద కలదని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదిత్య బందోపాధ్యాయ వ్యాజ్యములో స్పష్టపరచినది. పరీక్షకు ముందు ప్రశ్నపత్రము రహస్యము. పరీక్ష ముగిసిన తరువాత మూల్యాంకనము రహస్యము కారాదు. గుప్తముగా నుంచవలసినది విద్యార్థి సమాచారము ఇతరులకు, విద్యార్థికే కాదు. ఈ రెంటిని కలగలుపు విశ్వవిద్యాలయము తాళమును రక్షణకు గాక తప్పులు కప్పిపుచ్చుటకు వాడినదగును.

ఇందు ఉపాధ్యాయుల పని పెద్దది. ప్రతి ఫైలునకును గట్టి తాళమక్కరలేదు. పాఠ్యప్రణాళికను, కాలపట్టికను, ముగిసిన పరీక్షల ప్రశ్నపత్రములను తలుపులు తెరచి ఉంచవలెను. అందరికిని చెందినది, శాఖకు మాత్రము చెందినది, ఒక్క వ్యక్తికి చెందినది, కాలము వచ్చువరకు ఎవరికిని చెందనిది అని నాలుగు అరలు ఏర్పరచుకొన్నచో సగము పని ముగియును. పెబ్బేరులో చెరువు నీటి పరీక్షాఫలితములు లోకమునకు పంచదగినవి. ఆ చెరువు రైతు పేరును, అప్పు వివరమును, ఫోను సంఖ్యయు పంచదగినవి కావు. ఒకే పట్టికలోని రెండు గడులకు రెండు ధర్మములు. ఈ వివేకమును విద్యార్థికి నేర్పునది యంత్రము కాదు, గురువు.

లంకెను పదిమందికి తెరచి పంపుటకును, ఒక్కరికి గడువుపెట్టి పంపుటకును గల భేదమును నేర్పవలెను. ఈమెయిలుకును బ్యాంకుకును ఒకే సంకేతపదము పెట్టరాదని నేర్పవలెను. పని ముగిసిన ప్రతిని తుడిచివేయుట శుభ్రతలో భాగమని నేర్పవలెను. పాఠశాలలోనే ఈ అలవాటు పడినచో, రేపు కార్యాలయములలో కూర్చుండువారు వారే గదా!

విశ్వవిద్యాలయములు తాళములు కొనుటకు టెండర్లు పిలుచుటకు ముందు ఒక్క కాగితముపై నాలుగు మాటలు వ్రాసికొనవలెను. ఏ ఫైలు ఎవరిది? చెవి ఎందరి చేతిలో ఉన్నది? ఒకరు వెడలిపోయినచో ఎవరు తెరచెదరు? తెరచినవారి జాడ ఎచ్చట నిలుచును? ఈ నాలుగింటికి జవాబులున్న చోట సామాన్యమైన తాళము కూడ కాపాడును. జవాబులు లేనిచోట 78 అంకెల తాళమును ఒక పెన్‌డ్రైవు ఓడించును. ఓడిపోవునది కార్యాలయము కాదు. రేయింబవళ్లు చదివి పరీక్షకు వచ్చిన బిడ్డ.